కంప్యూటరును ఊరి నుంచి వెలివేసిన గురువారం

ఆ గురువారం పొద్దున మొయెలాంగి పెట్టుకున్న పని చాలా చిన్నది. కోకో తాగి, మహిళా సంఘం కంప్యూటరు తెరిచి, నీటి ట్యాంకు ఫారం నింపి సమోవా రాజధాని ఆపియాలోని ఆఫీసుకు పంపాలి. తొమ్మిదికల్లా చాప అల్లడానికి కూర్చోవాలి. గడువు సాయంత్రం నాలుగు గంటలు. అది దాటితే మళ్ళీ మూడేళ్ళకు గాని ట్యాంకులివ్వరు. అప్పటిదాకా వైలోతో ఊరి ఆడవాళ్ళు కొండ కింది ఊట నుంచి బకెట్లు మోయాల్సిందే. సంఘం కార్యదర్శి అయిన మొయెలాంగి ముప్పై ఏళ్ళుగా మోస్తోంది. ఆమె కుడి భుజం ఎడమదాని కంటే జానెడు కిందికి దిగిందని ఊళ్ళో అంటారు. ఎవరూ కొలవలేదు గాని, ఆమె గౌను మాత్రం ఒకవైపే నేల ఊడుస్తుంది.

అప్‌డేట్ చేస్తే తప్ప ఫారం తెరవనని కంప్యూటరు చెప్పింది. సరే కానిమ్మంది మొయెలాంగి. ముప్పై ఏడు శాతం దాకా నడిచి, కుదరలేదని చెప్పి, చేసిందంతా చెరిపేసుకుని, కంప్యూటరు మళ్ళీ మొదటికొచ్చింది. మూడుసార్లు అదే వరస. ఆపియాలో కంప్యూటర్ల కొట్టులో పనిచేసే అక్క కొడుకు ఇయోసేఫాకు ఫోను చేసింది.

"లోపల చోటు లేదేమో పిన్నీ. అక్కర్లేనివి తీసెయ్."

"ఏది అక్కర్లేదో నాకెట్లా తెలుస్తుందిరా?"

"పెద్దపెద్దవి చూసి తీసెయ్, పీడా పోతుంది."

అన్నిటికన్నా పెద్దవి చర్చి గాయకబృందం రెండేళ్ళుగా పాడి దాచుకున్న పాటలు. ఆ సంగతి తీసేశాక తెలిసింది. పావుగంటలో ఇరవై ఇద్దరు గాయకులు ఇంటి ముందు చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఒక్కరూ తిట్టలేదు. పోయినవన్నీ మళ్ళీ పాడతాం, ఎక్కించుకోమన్నారు. వద్దనడానికి ఆమెకు ఓపిక లేక ఊరుకుంది. పదిగంటలకల్లా లోపల దొరికిన చోటు కాస్తా పాటలతో నిండిపోయింది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, ఈసారి సంఘం విందుల ఫోటోలు తీసేసింది. నాలుగోసారీ ముప్పై ఏడు దగ్గరే ఆగింది.

"అయితే ఫోను టవరు మీద బరువెక్కువైంది పిన్నీ," అన్నాడు ఇయోసేఫా. "ఊళ్ళో వాళ్ళను కాసేపు ఫోన్లు పక్కన పెట్టమను."

మొయెలాంగి ఊరిపెద్ద తుయిఫావో దగ్గరికి వెళ్ళి, ఒక అరగంట, నలుగురైదుగురికి చెబితే చాలని అడిగింది. తుయిఫావోకు చిన్న పని చిన్నగా చేయడం చేతకాదు. పెద్దల సభ పిలిచాడు. సభల్లో తాగే కావా పానీయం కలిపారు. ఒక్కొక్క పెద్దా లేచి తన వంశాన్ని సముద్రం పుట్టిన నాటి నుంచి చెప్పుకొచ్చాడు. పన్నెండుకు తీర్పు వచ్చింది. ఫారం వెళ్ళేదాకా ఊళ్ళో ఎవరూ ఫోను ముట్టకూడదు. ముట్టినవాళ్ళు పది పెట్టెల చేపల డబ్బాలు కట్టాలి. పద్నాలుగు మూలల్లో పద్నాలుగు మంది కాపలా నిలబడ్డారు.

ఊరంతా ఆదివారంలా సద్దుమణిగింది. అయినా అప్‌డేట్ ముందుకు కదల్లేదు. మొయెలాంగి వీధిలోకి వెళ్ళి చూసింది. మొదటి మూలలో కాపలావాడు ఫోను ముఖానికెదురుగా పట్టుకుని ఉన్నాడు.

"పెద్దయ్యా, ఇక్కడెవరూ ఫోను ముట్టలేదండి."

"కొంచెం ఎడమకు తిప్పు," అంటోంది ఫోనులో తుయిఫావో ముఖం. "ఆ అరటిచెట్ల వెనక ఎవరైనా దాక్కున్నారేమో చూపించు."

రెండో మూలలోనూ అంతే. పద్నాలుగో మూలదాకా అంతే. పద్నాలుగు మందీ ఒక్కసారే పెద్దాయనకు వీడియో కాల్లో ఊరిని చూపిస్తున్నారు. ఆమె నేరుగా పెద్దాయన ఇంటికే వెళ్ళింది.

"పెద్దయ్యా, ఈ ఫోన్లు కూడా ఫోన్లే కదండీ."

"ఇవి నిషేధం నడిపే ఫోన్లమ్మా. వాడుకునే ఫోన్లు కావు."

మొయెలాంగి వాదించలేదు. పదకొండేళ్ళు కార్యదర్శిగా చేసినవాళ్ళు ఎక్కడ నోరు మూసుకోవాలో నేర్చుకునే ఉంటారు. రెండింటికి కంప్యూటరు అయిదోసారి మొరాయించింది. తుయిఫావో స్వయంగా వచ్చి దాని ముందు చాప మీద కూర్చుని, తెర వంక చూశాడు.

"ఎన్నిసార్లు చెప్పావు దీనికి?"

"అయిదుసార్లండి."

"సభ కూడా చెప్పింది. ఊరి మాట వినని వాళ్ళను మనమేం చేస్తాం?"

ఏం చేస్తారో ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. వెలివేస్తారు. మొయెలాంగి వాగు వైపు చూసింది. వాగవతల ఫాంగలేసా ఉంది. ఆ ఊరికి వేరే టవరుంది. అక్కడ నిషేధమూ లేదు, దాన్ని నడిపే ఫోన్లూ లేవు.

"ఎందాకా పంపమంటారు పెద్దయ్యా?" అంది, వీలైనంత దిగులుగా.

"వాగు దాటాలి. ఇవాళే."

"తమరు ఎట్లా అంటే అట్లా."

వెలిపడినవాళ్ళు సామానుతో సహా పోవాలన్నది మర్యాద. అందుకని ప్రింటరు, మౌసు, చివరికి మీద కప్పే పూలగుడ్డ కూడా తోపుడుబండి ఎక్కాయి. ఎండలో, రెండు మైళ్ళు, ఆ దిగిన భుజంతో మొయెలాంగే బండి తోసింది. ఊరు ఊరంతా గడపల్లో నిలబడి, పీనుగ పోతున్నట్టు తలలు వంచింది. ఫాంగలేసా కొట్టులో కరెంటు తీగ తగిలించాక అప్‌డేట్ ఇరవై నిమిషాల్లో పూర్తయింది. నాలుగుకు ఆరు నిమిషాలుందనగా ఫారం వెళ్ళింది.

మర్నాడు ట్యాంకు మంజూరైనట్టు ఉత్తరం వచ్చింది. తుయిఫావో దాన్ని సభలో రెండుసార్లు చదివించుకున్నాడు.

"చూశారా," అన్నాడు. "ఒక్క పూట ఊరి బయట ఉంచితే బుద్ధొచ్చింది. ఇక వెనక్కి పిలవచ్చు. మామూలు ప్రకారం తప్పు కట్టి రావాలి. ఒక పెద్ద పంది, వంద చామదుంపలు. దాని కుటుంబం తెచ్చిస్తుంది."

"కంప్యూటరుకు కుటుంబమేమిటి పెద్దయ్యా?"

"ఎవరింట్లో ఉంటోంది? ఎవరి చేతి కింద నడుస్తోంది?"

సభంతా మొయెలాంగి వైపు తిరిగింది. ఆమెకున్నదే ఒక్క పంది. ఆ సాయంత్రం విందు బాగా జరిగింది. ఊరందరూ తిని, కంప్యూటరు మంచిదేనని ఒప్పుకున్నారు.

నెల తిరక్కుండా అది ఇంకో అప్‌డేట్ అడిగింది. మొయెలాంగి ఖాళీ దొడ్డి వైపు ఒకసారి చూసి, 'తర్వాత గుర్తుచేయి' అన్నచోట నొక్కింది.