తోటలో కొత్త వంటమనిషి

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. ఆ నవ్వేదేదో కొంచెం దాచుకోండి, ముందు ముందు ఇంకా పని పడుతుంది.

మగ్గం మీద మామిడిపిందెలు, చిలకలు నేసీ నేసీ, భూమ్మీద నన్ను మించిన చిత్రకారుడు లేడని నాకొక నమ్మకం ఉండేది. అలాంటి రోజుల్లో గద్వాలలో చాటింపు వేశారు. అమరచింత దగ్గర దొరవారి తోటలో మందుచెట్ల బొమ్మలు గీయడం నేర్పుతారట. నెల రోజులు అక్కడే ఉండాలి. తిండీ పడకా వాళ్లవే. చివరికి బాగా గీసిన ఒక్కరిని ఏడాదిపాటు తోటలోనే ఉంచుకుని, దొరవారు అచ్చు వేయించే పుస్తకానికి బొమ్మలు గీయిస్తారట.

"నన్ను గూడ తీస్కపో," అంది నాగేంద్రమ్మ. నాగేంద్రమ్మ నా భార్య. పొయ్యి వెనక గోడంతా బొగ్గుతో ఆకులు గీసిపెట్టిన మనిషి.

"ఆడోళ్లను రానియ్యరు," అన్నాను.

"ఎవరు చెప్పిన్రు?"

"కాయిదంల రాసున్నది."

"నీకు చదువొస్తదా?"

"సంతకం వస్తది."

నిజానికి కాగితమూ లేదు, రాతా లేదు. పొద్దెక్కేదాకా పడుకున్నా లెమ్మనేవాళ్లు లేని నెల రోజులు నాకు కావాలి. పన్నెండేళ్ల కాపురం చేసినవాళ్లకు ఈ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది.

తోటలో మాకు బొమ్మలు నేర్పేది హైదరాబాదు నుంచి వచ్చిన అబ్దుల్ వహాబ్ సాబ్. గీతలాగే సన్నగా, నిటారుగా ఉండేవాడు. మేం చాటుగా 'పెన్సిల్ సాబ్' అనేవాళ్లం. వచ్చిన రోజే తోట కాయిదా, అంటే కట్టుబాటు, చెప్పాడు.

"బొమ్మలు గీసేటోళ్లు ఇంటోళ్లను తెచ్చుకోవద్దు. తెచ్చుకున్నోడు అదే బండిల వాపస్ పోవాలె. నజర్ చెట్టు మీద ఉండాలె, ఇంటి మీద కాదు."

ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. ఉత్సాహం పట్టలేక, "నాకు పెండ్లే కాలేదు సాబ్!" అన్నాను. ముప్పై ఐదేళ్ల ముఖం వేసుకుని.

మొదటి రోజు ఉమ్మెత్త కొమ్మ ముందు పెట్టాడు. నేను అందరికన్నా ముందే గీసిచ్చాను. సాబ్ కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"మియా, ఇది చెట్టా, చీరంచా?"

నేతగాడి చేయి మరి! ఎడమన ఒక ఆకు వేస్తే కుడిన అచ్చం అలాంటిదే పడుతుంది. నడుమ పువ్వు కూర్చుంటుంది. అడుగున అంచు దానంతట అదే పారుతుంది.

"చూడు, ఎడమన నాలుగాకులు, కుడిన మూడే. గీ ఆకును పురుగు తిన్నది. తిన్నది తిన్నట్టే గీయాలె."

చిల్లి గీయడానికి నా చేయి రాలేదు. మగ్గం మీద చిల్లి పడితే చీర పాడైనట్టే కదా! నా ఆకులన్నీ పెండ్లికి పోతున్నట్టు ఉండేవి. మూడు రోజుల్లో మారకపోతే ఇంటికి పంపిస్తానన్నాడు సాబ్. ఇంటికి పోవడానికి భయం లేదు గానీ, అక్కడ నాగేంద్రమ్మ ఉంది.

మొదటి రోజే ముసలి వంటవాడు మేం తినే తిండి చూసి పారిపోయాడు. మూడో రోజు కొత్త వంటమనిషి వచ్చిందన్నారు. పంక్తిలో కూర్చుని, నా విస్తట్లో జొన్నరొట్టె వేసిన చేతిని చూశాను. గాజులు ఎక్కడో చూసినట్టు అనిపించి తలెత్తాను. నాగేంద్రమ్మ!

వంటపాక వెనక్కి పరుగెత్తాను.

"నువ్వేంది ఈడ?"

"వంటమనిషి గావాలని గద్వాలల చాటిన్రు, వంటకొచ్చిన. నువ్వేంది ఈడ?"

"బొమ్మలకు!"

"ఏది, చూపియ్."

చూపించాను. చాలాసేపు చూసింది.

"అంచు బాగున్నది. చెట్టేది?"

పెండ్లి కాలేదని చెప్పిన సంగతి, రేపు బండెక్కించబోయే సంగతి అన్నీ కక్కేశాను. ఆమె తిట్టలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

"బొమ్మలు నేను గీస్త. నా పని నువ్వు జెయ్యి. ఆకుకు రెండు బిందెల నీళ్లు. పువ్వుంటే ఉల్లిగడ్డలు గూడ కొయ్యాలె."

మర్నాడు సాబ్ నా చేతిలోని ఉమ్మెత్తను చూసి "వాహ్!" అన్నాడు. పురుగు తిన్న ఆకు, వాడిన మొన, ముళ్ల కాయ, ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి. కింద మటుకు 'మద్దిలేటి' అని నా సంతకం. దాన్ని వరండాలో తగిలించాడు.

అప్పట్నుంచి నా పేరు పెరిగింది, నా నడుము విరిగింది. జిల్లేడు గీసిన రోజు మిరపకాయలు దంచాను. పల్లేరు గీసిన రోజు, దాని చిన్నాకులు ఎన్నని లెక్కపెట్టి, బస్తాడు జొన్నలు విసిరించింది. తులసి వచ్చిన రోజు నేను దేవుడికి కాదు, నాగేంద్రమ్మకు దండం పెట్టాను.

ఈ భాగోతమంతా ఒక మనిషి చూస్తున్నాడు. అతను తోట కావలివాడు ఫకీర్. పిట్టల్ని తోలడం సగం పని, మనుషుల్ని కనిపెట్టడం మిగతా సగం. నెలాఖరున, ఫలితం చెప్పే రోజు పొద్దున్నే వెళ్లి సాబ్ చెవిలో వేశాడు.

"సాబ్, మద్దిలేటి వంటామె యెనక పడ్డడు. రోజూ పాక యెనక కూసుంటుండు. కండ్లల్ల నీళ్లు గూడ పెట్టుకుంటుండు."

మిరపకాయలని చెబితే ఎవరు నమ్ముతారు? అందరినీ వరండాలో కూర్చోబెట్టారు.

"సిగ్గు శరం లేదా? పరాయి ఆడమనిషి!" అని సాబ్ గర్జించాడు.

ఈ మాట గద్వాల చేరితే నేను మళ్లీ మగ్గం ఎక్కలేను. బొమ్మల కొలువు పోతే పోయిందనుకుని నిజం చెప్పేశాను. "ఆమె నా భార్యే సాబ్!"

"పెండ్లి కాలేదంటివి!" అని, సాబ్ నాగేంద్రమ్మ వైపు తిరిగాడు. "ఈయన నీ మొగడా?"

నాగేంద్రమ్మ గరిటె తుడుచుకుంది. "ఈ సారెవరో నాకు తెల్వదు సాబ్. పెండ్లి కాలేదని ఆయననే చెప్పిండట కద."

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది.

"సాబ్, మా దిక్కు ఆడది సచ్చినా మొగని పేరు పలుకది. నా పేరు చెప్పుమనండి. చెప్పకుంటే నా భార్యే!"

అందరూ సరేనన్నారు. ఫకీర్ కూడా తలూపాడు. పన్నెండేళ్లుగా ఆమె నన్ను పిలిచే పిలుపు 'ఇగో', 'ఓయ్' తప్ప మూడోది ఎరగను. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

నాగేంద్రమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. నన్నోసారి పైనుంచి కిందికి చూసింది.

"మద్దిలేటి," అంది. నేను నోరు తెరిచాను. "గద్వాల మద్దిలేటి. మగ్గం మద్దిలేటి."

నిజం చెప్పొద్దూ, ఆ నోట నా పేరు ఎంత బాగుందో! కానీ ఫకీర్ అప్పటికే కర్ర అందుకున్నాడు.

"ఆగు," అంది నాగేంద్రమ్మ. "గా బొమ్మల కింద ఉన్నది గదే పేరు కద సాబ్. గా పేరుగల సారును జర ఒక్క ఉమ్మెత్త కొమ్మ గీయమనండి. అందరి ముంగట."

కాగితం వచ్చింది. పెన్సిల్ వచ్చింది. చెమటా వచ్చింది. ఎడమన ఒక ఆకు వేశాను. కుడిన అచ్చం అలాంటిదే పడింది. అడుగున అంచు పారడం మొదలుపెట్టగానే సాబ్ నా చేయి పట్టుకుని ఆపాడు.

"నావి కావు సాబ్," అన్నాను. "అన్నీ ఆమెనే గీసింది. నా భార్య గీసింది. నేను మిరపకాయలు దంచిన."

అన్నాక గుండె తేలికైంది. నాగేంద్రమ్మ పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, అందరూ చూస్తుండగా నేల మీదే గీసింది. చిరిగిన ఆకుతో సహా ఉమ్మెత్త నిలబడింది. సాబ్ చెప్పులు విడిచి, బొమ్మను తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఏడాది కొలువు నీదే బీబీ. బొమ్మల కింద పేరు గూడ నీదే."

"మరి నేను సాబ్?"

"కాయిదా కాయిదానే. బొమ్మలు గీసేటోళ్లు ఇంటోళ్లను తెచ్చుకోవద్దు. ఇప్పుడు ఇంటోనివి నువ్వు. బండెక్కు!"

అందరూ పడీ పడీ నవ్వారు. నాగేంద్రమ్మ నవ్వలేదు.

"వంటమనిషి జాగ ఖాళీ అయ్యింది సాబ్. గా కాయిదా వంటోళ్లకు లేదు కద?"

సాబ్ ఆలోచించాడు. "మిరపకాయలైతే బాగ దంచుతడు," అని సాక్ష్యం చెప్పాడు ఫకీర్.

మర్నాడు పంక్తిలో మొదటి విస్తరి నాగేంద్రమ్మది. ఒళ్లో పలక, చెవి మీద పెన్సిల్. సాబ్ కూడా ఆమె తిన్నాకే చేయి పెడతానని కూర్చున్నాడు. వడ్డిస్తుంటే నా ఛాతీ పొంగిపోయింది, పన్నెండేళ్లు ఈమెను పొయ్యి వెనక పెట్టానే అని సిగ్గూ వేసింది.

"పప్పెట్లున్నది?" అని అడిగాను.

నాగేంద్రమ్మ నిదానంగా నమిలింది.

"నీ బొమ్మల కన్న నయం," అంది.