మంత్రిగారి చేతుల మీదుగా విడుదల

ఇకపై శిక్ష ముగిసిన ఏ ఖైదీ దిక్కూమొక్కూ లేనివాడిలా గేటు దాటకూడదనీ, ప్రతి ఒక్కరినీ తానే స్వయంగా చెయ్యి పట్టుకుని బయటికి నడిపిస్తాననీ జైళ్ల మంత్రిగారు ప్రకటించారు. ఆహా, ఎంత మనసు! జైలు గేటు దగ్గర పదిహేనేళ్లుగా గుమాస్తాని. ఇంత ప్రేమ ఎన్నడూ చూడలేదు.

ఆ ప్రేమ మొదట ఒక టైలర్ ఖైదీ మీద పడింది. అతని మూడేళ్ల శిక్ష సోమవారంతో పూర్తయింది. ఒకటో తారీఖుకల్లా వస్తే పనిస్తానని ఒక బట్టల ఫ్యాక్టరీ యజమాని మాటిచ్చాడు. భార్య ఇస్త్రీ చొక్కా పట్టుకుని పొద్దున్నే వచ్చి నిలబడింది.

"మంత్రిగారి డేట్ దొరకలేదమ్మా," అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఆయన డేట్‌తో పనేంటండీ? మా ఆయన శిక్ష అయిపోయిందిగా?"

"శిక్ష అయిపోయింది. ఫంక్షన్ అవలేదు."

ఖైదీ కానివాడికి జైల్లో భోజనం పెట్టకూడదని రూలు. సూపరింటెండెంటుగారు బుర్ర బద్దలు కొట్టుకుని టైలర్‌ని అతిథిగా మార్చారు. అదే గది, అదే తాళం.

"వదిలేయండి సార్, పని పోతుంది!" టైలర్ లబోదిబోమన్నాడు.

"అతిథివి, నువ్వే అలా తొందరపడితే మాకెంత నామోషీ?"

మొదటిసారి డేట్ దొరికితే మంత్రిగారికి జలుబు చేసింది. రెండోసారి రిబ్బన్ రంగు ఎదుటి పార్టీదని తేలింది. ఈలోగా ఒకటో తారీఖు దాటిపోయింది, ఫ్యాక్టరీ పని ఇంకొకరికి వెళ్లిపోయింది.

పదిహేనో తారీఖున మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి టైలర్‌ని బయటికి నడిపించారు. చప్పట్లు మారుమోగాయి. నా కళ్లు చెమర్చాయి.

"ఏం కావాలో అడుగు తమ్ముడూ!"

"పని పోయిందండీ. ఏదైనా పని ఇప్పించండి."

మంత్రిగారు క్షణం ఆలస్యం చేయలేదు. "జైలు కుట్టు విభాగంలో ఉద్యోగం! వసతి ఉచితం! డ్యూటీ ఈరోజు నుంచే!"

క్వార్టర్స్ ఇంకా కట్టలేదని సూపరింటెండెంటుగారు ఆయన చెవిలో ఊదారు.

"కట్టేదాకా పాత గదే ఇవ్వండి. అలవాటైన చోటు."

టైలర్ లోపలికి నడుస్తుంటే ఫోటోగ్రాఫర్ పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, ఒక్కసారి ఇటు తిరుగు. బయటికొస్తున్నట్టు." టైలర్ తిరిగాడు.

గేటు మూశాక అతని భార్య చొక్కా పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఇంటికెప్పుడొస్తారండీ?"

నేను ములాఖాత్ చీటీ రాసిచ్చాను.

"ఆదివారం పదింటికి మీరే రండమ్మా."