ఆరు సిలిండర్లకు రెండు గొట్టాలు

అక్టోబరులో ఆ శుక్రవారం ఉదయానికి ఆర్విల్ టెస్‌డాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు అత్తగారిని ఆమె ఇంటి దగ్గర ఎక్కించుకోవాలి; కౌంటీ కార్యాలయంలో నోటరీ ఎదుట బండి హక్కుపత్రం మీద ఆమె చేత సంతకం పెట్టించాలి; నోటరీ పన్నెండింటికి వెళ్ళిపోతుంది గనుక అంతకు ముందే ఈ పని ముగియాలి. పాతికేళ్ళుగా అదే కార్యాలయంలో భూముల దస్తావేజులు నమోదు చేస్తున్నవాడు కావడం వల్ల, సంతకం పడనంతవరకు ఏ వస్తువూ ఎవరిదీ కాదన్న సత్యం అతడికి తెలిసినంతగా విస్కాన్సిన్ రాష్ట్రంలో మరొకరికి తెలిసి ఉండదు.

బండి 1962 నాటిది. లేత నీలం రంగు, నాలుగు తలుపులు, ఆరు సిలిండర్లు. మామగారు సెల్మర్ హౌగెన్ దాన్ని కొన్ననాటి నుంచి కన్నుమూసే వరకు ఇరవైమూడేళ్ళు నడిపాడు. ఆ తరువాత రెండేళ్ళుగా ఆర్విలే నడుపుతున్నా, కాగితం మాత్రం అత్తగారు గుడ్రున్ చేతిసంచిలోనే ఉండిపోయింది. ఇవ్వడానికి ఆమె పెట్టిన షరతు ఒక్కటే.

"సెల్మర్ ఎలా వదిలేసి వెళ్ళాడో అలాగే ఉండాలి. ఒక్క మర మార్చావని తెలిసిందా, మిల్వాకీలో వెండెల్ ఉన్నాడు, వాడికి రాసిచ్చేస్తా."

వెండెల్ ఆమె మేనల్లుడు. అతడికి అప్పటికే మూడు బండ్లున్నాయి. మూడింటి నిండా కుక్క వెంట్రుకలే.

ఇదంతా తెలిసి కూడా ఆర్విల్ ఆ మంగళవారం చేసిన పనికి సమర్థన లేదు, వివరణ మాత్రం ఉంది. పాత సైలెన్సర్ తుప్పు పట్టి ఊడిపడింది. కొత్తది వేయించడానికి లైల్ బ్రాటెన్ షెడ్డుకు వెళ్ళాడు. లైల్ వృత్తిరీత్యా సైలెన్సర్లు బిగించేవాడు, స్వభావరీత్యా మనుషులకు ఆశపెట్టేవాడు.

"ఒకటి మార్చినా రెండు పెట్టినా నాకు అదే చాకిరీ గురూ," అన్నాడు బండి కింద పడుకునే. "ఆరింటి పొగా ఒకే గొట్టంలోంచి పోవడమంటే, ఆరుగురు పిల్లలున్న ఇంట్లో ఒకటే స్నానాల గది ఉన్నట్టు. ఇంజన్ దగ్గరే మధ్యకి కోసేస్తా. ముందు మూడూ ఒక దారి, వెనక మూడూ ఇంకో దారి. చెరో సైలెన్సర్, చెరో గొట్టం. పుట్టి బుద్ధెరిగాక నీ బండి ఇప్పుడే మొదటిసారి ఊపిరి పీల్చుకుంటుంది."

"శబ్దం ఎక్కువవుతుందేమో?"

"శబ్దమా! పిల్లి గురగుర, అంతే."

పదిహేడో ఏట నుంచీ ఇతరుల బండ్ల వెనక జంట గొట్టాలు కనబడితే తల తిప్పుకోవడం అలవాటు చేసుకున్న ఆర్విల్, యాభైమూడో ఏట తల తిప్పుకోలేకపోయాడు. లైల్ చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. పులి కూడా పిల్లి జాతిదే.

సంతకం అయ్యేవరకు సంగతి దాచడం కష్టం కాదనుకున్నాడు. అత్తగారి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆమె బండి వెనకవైపుకు వెళ్ళగా ఎవరూ చూడలేదు. అయినా జాగ్రత్త కోసం కొత్త గొట్టానికి నల్లరంగు పూశాడు. మూడు రోజులపాటు ఆమె కళ్ళ గురించి అంత శ్రద్ధగా ఆలోచించినవాడు, ఆమె చెవుల గురించి ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

హౌగెన్ల ఇంటి ముందు ఎవరూ హారన్ మోగించరు. తలుపు తట్టి పెద్దావిడను తొందరపెట్టరు. బండి శబ్దం వినగానే ఆమే కోటు తొడుక్కుని బయటికి వస్తుంది. వచ్చేదాకా వచ్చినవాళ్ళు బండిలో కూర్చుంటారు. ఈ మర్యాద సెల్మర్ తండ్రి నార్వే నుంచి తెచ్చాడని కొందరంటారు, నార్వేలో అలాంటిదేమీ లేదని చూసివచ్చినవాళ్ళంటారు. ఏమైనా, సరిగ్గా పది గంటలకు ఆర్విల్ ఆ వాకిట్లో బండి ఆపి, ఆమెకు చలి ఆగదు గనుక ఇంజన్ కట్టేయకుండా లోపల వెచ్చదనం పట్టించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని నిరీక్షించసాగాడు.

లోపల గుడ్రున్ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని సెల్మర్ బండి శబ్దం కోసం నిరీక్షిస్తోంది. బయట ఏదో యంత్రం ఆగకుండా గర్జిస్తుండటం వల్ల ఆ శబ్దం వినబడుతుందో లేదోనని ఆందోళన పడుతోంది. అలా ఇద్దరు మర్యాదస్థులు పదిహేను గజాల దూరంలో ఒకరి కోసం ఒకరు ఇరవై నిమిషాలు కాచుకున్నారు. చివరకు ఆమె, బడి వంటశాలలో పనిచేసే కూతురికి ఫోన్ చేసింది.

"మార్లిస్, మీ ఆయన రాలేదే."

"రాకపోవడమేంటమ్మా? తొమ్మిదీ ముప్పావుకే బయలుదేరాడు."

"రాలేదంటే రాలేదు. పైగా ఎవడో రౌడీ వెధవ మన వాకిట్లో బండి ఆపుకుని గుర్రుగుర్రుమంటూ కూచున్నాడు. కిటికీలోంచి చూస్తే మసగ్గా ఏదో ఉంది, అంతే."

"ముందు తలుపు గడియ పెట్టుకో. ఆర్విల్ ఇరవై నిమిషాలు ఆలస్యమా? మా పెళ్ళికే గంట ముందొచ్చి కూచున్నాడమ్మా ఆ మనిషి! ఏదో జరిగింది."

మార్లిస్ వెంటనే షెరిఫ్ కార్యాలయానికి ఫోన్ చేసి, భర్త గుర్తులూ బండి గుర్తులూ చెప్పింది. ఒకటే గొట్టం, నడుస్తున్నా వినబడదు అని కూడా చెప్పింది.

కిటికీ తెర కదలడం ఆర్విల్ చూశాడు. తెర కదిలింది, మనిషి రాలేదు. అంటే ఆమె గొట్టాల సంగతి కనిపెట్టేసింది, తీర్పు కూడా చెప్పేసింది. ఇక మిగిలిన మార్గం ఒక్కటే. పన్నెండులోపు లైల్ చేత రెండో గొట్టం పీకించి, పశ్చాత్తాపంతో తిరిగి రావాలి. బండి వెనక్కి తిప్పాడు.

నాలుగు రోడ్ల కూడలిలో డిప్యూటీ షెరిఫ్ డ్వేన్ కోపెకీ చెయ్యెత్తి ఆపాడు. అతడు ఆ కౌంటీకి వచ్చి మూడు వారాలే అయింది. కళ్ళు మూసుకుని కూడా చప్పుడును బట్టి ఏ ఇంజనో చెప్పగలనని అతడికి గట్టి నమ్మకం.

"పెద్దాయనా, అచ్చం మీ బండిలాంటిదే ఇంకోటి ఎక్కడైనా కనబడిందా? లేత నీలం, అరవై రెండుదే. కాకపోతే పాపం అది ఆరు సిలిండర్లది, వెనక ఒకటే గొట్టం. మీది ఎనిమిది కదా, మలుపులోనే విన్నా. భలే బండి."

ఆర్విల్ నోరు తెరిచాడు.

"నడిపే ఆయన పేరు ఆర్విల్ టెస్‌డాలట, దస్తావేజుల ఆఫీసాయన. జన్మలో ఆలస్యం చెయ్యలేదట. ఇవాళ అరగంట దాటింది." డ్వేన్ గొంతు తగ్గించాడు. "మన మధ్య మాట, నాకైతే పెద్దగా ఆశ లేదు."

ఆ ఆర్విల్ నేనేనని చెప్పడం ఎంతసేపు? కాని డిప్యూటీ భుజాన రేడియో ఉంది. ఆ ఊళ్ళో రేడియోలో చెప్పినది అయిదు నిమిషాల్లో ప్రతి వంటింటికీ చేరుతుంది; జంట గొట్టాల సంగతితో సహా చేరుతుంది. ఆర్విల్ ఆలోచించి, అక్షరాలా నిజమైన జవాబొకటి వెతికి పట్టుకున్నాడు.

"దారిలో ఎక్కడా ఎదురు పడలేదండీ."

"పోనీ ఓ సాయం చెయ్యండి. మీరు వాగు రోడ్డు వైపు చూడండి, నేను క్వారీ వైపు పోతా. మీలాంటోళ్ళు ఉండబట్టే ఊళ్ళు నిలబడుతున్నాయి."

సరేనన్నాడు గనుక ఆర్విల్ వాగు రోడ్డు మీదుగానే వెళ్ళాడు. మాట ఇచ్చాడు గనుక దారి పొడుగునా ఇటూ అటూ చూస్తూనే వెళ్ళాడు. రెండు చోట్ల బండి ఆపి వాగులోకి తొంగి చూశాడు కూడా.

లైల్ షెడ్డుకు తాళం వేసి ఉంది. తలుపుకు ఒక అట్టముక్క వేలాడుతోంది: "ఆర్విల్‌ను వెతకడానికి వెళ్ళాను. ఎప్పుడొస్తానో చెప్పలేను. మంచి మనిషి." ఆర్విల్ దాన్ని రెండుసార్లు చదివాడు. తనను ఈ ఆపదలోంచి బయటపడేయగల ఏకైక వ్యక్తి తన కోసమే వెతుకుతున్నాడు. గడియారం పదకొండుంబావు చూపించింది. అతడు బండి ఎక్కి, అత్తగారి ఇంటివైపు తిప్పాడు.

ఆ వాకిట్లో ఇప్పుడొక అగ్నిమాపక వాహనం, పదిహేడు బండ్లు ఉన్నాయి. చర్చి ఆడవాళ్ళు అప్పటికే పెద్ద పాత్రతో కాఫీ తెచ్చేశారు. పైన బంగాళాదుంప ముక్కలు పరిచి కాల్చిన మాంసపు వంటకం మూడు పళ్ళాలు వచ్చాయి. ఆ ఊళ్ళో ఒక పళ్ళెం వస్తే పరామర్శ, మూడు వచ్చాయంటే ఆశ వదులుకున్నట్టు.

గర్జన మలుపు తిరగగానే మెట్ల మీద నిలబడ్డ గుడ్రున్ చేతికర్ర ఎత్తింది.

"అదే! అదే చప్పుడు! మా అల్లుణ్ణి ఏదో చేసింది వాడే! పట్టుకోండి వెధవని!"

"కాదు పెద్దమ్మా, ఈయన మనవాడే," అన్నాడు డ్వేన్ అడ్డం వచ్చి. "పాపం మాతోపాటే వెతుకుతున్నాడు."

ఆర్విల్ బండి దిగాడు. కాఫీ పోస్తున్న చెయ్యి ఒకటి పోస్తూనే ఉండిపోయి, కప్పు నిండి గడ్డిలోకి కారింది. మార్లిస్ వంటశాల ఆప్రాన్‌తోనే ముందుకొచ్చింది.

"నువ్వు వెతుకుతున్నావా? ఎవర్ని?"

"నన్నే," అన్నాడు ఆర్విల్.

"మరి నేనడిగితే ఎదురు పడలేదన్నారు?" అన్నాడు డ్వేన్ బాధగా.

"నేను అప్పుడు బండి లోపలే ఉన్నానండీ."

"ఓరి నీ దుంప తెగ, బతికే ఉన్నావా!" అంటూ గుంపులోంచి లైల్ దూసుకువచ్చి కౌగిలించుకున్నాడు. ఆనందంలో అతడికి ఒళ్ళు తెలియలేదు. "విన్నారా అందరూ? రెండు గొట్టాలు పెడితే ఆరు సిలిండర్లు కూడా ఇలా పలుకుతాయని నేను చెబితే ఒక్కడూ నమ్మలేదు!"

గుడ్రున్ ఒక్కొక్క మెట్టే దిగింది.

"మార్చావా, ఆర్విల్?"

"మార్చాను అత్తయ్యా. పాతది ఊడిపోయింది, అది నా తప్పు కాదు. రెండోది మాత్రం నా కోరికే."

ఆమె బండి పక్కన చేయి రాసుకుంటూ వెనక్కి వెళ్ళి, వంగి, ఒక గొట్టం దగ్గర అరచేయి పెట్టి చూసింది. తరువాత రెండోదాని దగ్గర పెట్టి చూసింది. నడుము ఎత్తి, ముందు తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది.

"తలుపు తియ్యి. ఎక్కాలి."

ఆర్విల్ శిక్ష పడ్డవాడిలా తలుపు తీసి, ఆమెను ఎక్కించుకుని బండి పోనిచ్చాడు. పాల ఫ్యాక్టరీ పక్కగా, వంతెన మీదుగా, చర్చి ముందు నుంచి, ఊరి పెద్ద వీధి చివరిదాకా వెళ్ళారు. "మళ్ళీ," అంది గుడ్రున్. మళ్ళీ వెళ్ళారు. రెండోసారి వంతెన దాటాక ఆమె మాట్లాడింది.

"సెల్మర్ నడుపుతుంటే ఇది తప్పుకోండి బాబూ, తప్పుకోండి బాబూ అని బతిమాలుకుంటూ పోతున్నట్టుండేది. మూడేళ్ళుగా ఈ కిటికీలోంచి నాకేం కనపడి చచ్చింది? పోతున్నామో, ఆగామో కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఫ్యాక్టరీ వచ్చిందని దాని గోడే చెబుతోంది. వంతెన ఎక్కితే వంతెన చెబుతోంది. చర్చి దగ్గర అటువైపు ఖాళీ స్థలం కూడా వినబడింది నాకు."

"మరి ఏదీ మార్చొద్దన్నారుగా అత్తయ్యా?"

"ఇంతకంటే బాగుపడుతుందని నాకెవడు చెప్పాడు?"

ఆర్విల్ మనసు తేలికపడింది. గడియారం పన్నెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. కౌంటీ కార్యాలయం ఎదురుగానే ఉంది. అతడు బండి నెమ్మది చేసి, వినయంగా, "సంతకం..." అన్నాడు.

గుడ్రున్ చేతిసంచి తెరిచి, కాగితం బయటికి తీసి, మడత తడిమి చూసుకుని, తిరిగి లోపల పెట్టి సంచి టక్కున మూసింది.

"వెండెల్‌కు ఇస్తారా?" అన్నాడు ఆర్విల్ నీరసంగా.

"వాడి మొహం! ఎవరికీ ఇవ్వను. ఇలాంటి బండిని ఎవరైనా చేజేతులా ఇచ్చుకుంటారా? రేపు కూడా పదింటికి వచ్చెయ్యి, క్వారీ దాకా వెళ్ళొద్దాం."

ఆర్విల్ కౌంటీ కార్యాలయం దాటించి బండి పోనిచ్చాడు. గుడ్రున్ జాలిపడి, చేయి చాచి అతడి భుజం తడుముకుని తట్టింది.

"పాడు చేసి ఉంటే నీకే ఇచ్చేసేదాన్ని నాయనా," అంది ఓదార్పుగా.