కానుగ నూనెతో మొదటి షిఫ్టుకు

జగదీశ్వర్ ఆ రోజు మొదటి షిఫ్టు వేళకు మేనేజరు ముందు నిలబడాలి. నడుము దెబ్బతిని, దవాఖాన చుట్టూ తిరిగి తిరిగి, గని లోపలి నుంచి పైన సర్ఫేసు పనికి మార్చమని పెట్టుకున్న అర్జీకి ఇన్నాళ్లకు సరేనన్నారు. వేళ తప్పితే ఆ చోటు వెనకున్నవాడికి పోతుంది. అందుకే తల్లి సమ్మవ్వ చీకటితోనే లేచి, పక్కింటి హమీద్ ఆటోలోనే పోవాలని కొడుక్కి గట్టిగా చెప్పింది. ఆ ఆటో ఆమె నూనె మీద నడుస్తోంది మరి.

డీజిలు ధరకు హమీద్ దిగాలుపడితే, సమ్మవ్వే పుట్టినూళ్లో కానుగ గింజలు ఏరించి, గానుగ ఆడించి, డబ్బా నూనె తెచ్చిచ్చింది. ఎండలు కాసినన్నాళ్లు బండి బాగానే తిరిగింది. గోదావరిఖనిలో ఆ ముచ్చట ఆమె చెప్పని మనిషి లేడు. ఆ పొద్దున మాత్రం చలికి నూనె నెయ్యిలా పేరుకుంది.

"అక్కా, బండి లేస్తలేదు. జర కుంపటి ఇయ్యి, నూనె కరిగిస్త," అన్నాడు హమీద్.

కణకణలాడే బొగ్గుల కుంపటి ఇచ్చి, సమ్మవ్వ టిఫిన్ కట్టడానికి లోపలికి పోయింది. హమీద్ దాన్ని పెరటిగోడ వెనక పెట్టి డబ్బా ఎక్కించాడు. కొంత నూనె ఆటోలో పోశాడు. కుంపటి మీదే వదిలేసిన మిగతా నూనె పొంగి నిప్పుల మీద పడింది. అతను చూసుకోలేదు, అప్పటికే ముందువైపు ఇంజనుతో కుస్తీ పడుతున్నాడు.

ముందుగదిలో గొంగడి కప్పుకున్న రాజం ఒక్కసారి లేచి కూర్చున్నాడు. సమ్మవ్వ పెనిమిటి, గనిలో చేసి రిటైరైన మనిషి. బొగ్గు తనంతట తాను అంటుకోబోతుంటే వచ్చే నూనె కంపును ముందే పసిగట్టి, షిఫ్టు షిఫ్టునే బయటికి తరిమిన ముక్కు ఆయనది.

"సమ్మవ్వా, కింద పాత గనిల నిప్పు లేచింది. జల్ది బయటికి నడువు."

ఆ ముక్కు ఏనాడూ తప్పు చెప్పలేదు. సమ్మవ్వ టిఫిన్ డబ్బాతోనే బయటికి ఉరికింది. రాజం వీధిలో కేక వేసి, గని రెస్క్యూ వాళ్లకు ఫోను కొట్టాడు. గోడ వెనక లేస్తున్న పొగ చూసి అందరూ నమ్మేశారు. ఎదురింటి లింగవ్వ గ్యాసు బండను దొర్లించుకుంటూ వస్తే, అదే పేలబోతోందని అటువాళ్లు ఇటు ఉరికారు. మంచాలు, టీవీలు, మేకలు వీధికెక్కాయి. సరిగ్గా అప్పుడే ఆటో లేచింది, కదలడానికి మాత్రం జానెడు సందు లేదు.

ఆటోలో కూర్చున్న జగదీశ్వర్ మొహం వాడిపోయింది. "అవ్వా, నౌకరి పోయినట్టే."

ఇల్లు కాలినా కట్టుకోవచ్చు, పిల్లవాడి నడుమును మళ్లీ గనిలోకి ఎట్లా దింపేది? సమ్మవ్వ మంచాలను పక్కకు లాగుతూ మేకలను తరమసాగింది. ఇంతలో సైరను మోగించుకుంటూ రెస్క్యూ బండి వచ్చి, ఉన్న దారిని కూడా మూసేసింది.

వాళ్లు యంత్రాలు పట్టుకుని పెరట్లోకి వెళ్లారు. కాసేపటికి కుంపటి, నూనె డబ్బా ఎత్తుకుని తిరిగొచ్చారు. వీధి వీధంతా హమీద్ వైపు తిరిగింది. బండి దిగిన పెద్దమనిషి అతన్ని దగ్గరికి పిలిచాడు.

"ఈ నూనెతోని ఆటో నడుస్తదా?"

"నడుస్తది సార్. పొద్దుగాల జర బొగ్గు తినిపియ్యాలె."

వీధంతా నవ్వింది. నిప్పు లేదన్న ఊరట అందులో ఎక్కువుంది. సమ్మవ్వకు నవ్వు రాలేదు. కొడుకును చెయ్యి పట్టి ఆయన ముందుకు లాక్కొచ్చింది.

"సార్, ఇయ్యాల నేను సర్ఫేసుల జాయిన్ కావాలె," అన్నాడు జగదీశ్వర్ తల దించుకుని. "మేనేజర్ సారు దగ్గరికే బయలెల్లిన."

"గనిల నిప్పంటే ఉరికొచ్చిన. నేనే నీ దగ్గరికి వచ్చిన గదా," అన్నాడు మేనేజరు. "బండెక్కు. షిఫ్టుకు ఇంకా టైమున్నది."

రెస్క్యూ బండి మలుపు తిరిగేదాకా సమ్మవ్వ కదలలేదు. ఆ తరువాత నిండుగా ఊపిరి పీల్చి, మొహం తుడుచుకుని, వీధి మొత్తానికీ చాయ్ పెట్టడానికి లోపలికి నడిచింది.

కుంపటి మీద కాదు, గ్యాసు పొయ్యి మీదే పెట్టింది.