లిఫ్టులో యాభై రెండో పుస్తకం

డిసెంబరు ముప్ఫై ఒకటో తేదీ ఉదయం లిఫ్టు మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఆఫీసుల భవనానికి వెళ్లాలి, లిఫ్టును మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆపాలి, సంచీలో ఉన్న డిటెక్టివ్ నవలలో మిగిలిన అరవై పేజీలూ చదివేయాలి, పన్నెండింటికి మామగారి పరీక్షకు జవాబు చెప్పి మీసం దక్కించుకోవాలి.

మీసం సంగతి కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. కిందటి జనవరి ఒకటిన భోజనాల దగ్గర, రిటైరైన హెడ్మాస్టరు మామగారు, "మీ ఆయనకి అక్షరాలతో పనేముందిలేమ్మా, లిఫ్టులో ఉండేవి అంకెలేగా" అని కూతురితో అన్నారు. పదేళ్లుగా ఇలాంటివి అన్నంతోపాటు మింగేస్తున్న అల్లుడికి ఆ రోజు ఎందుకో ముద్ద దిగలేదు.

"ఏడాదిలో యాభై రెండు పుస్తకాలు చదువుతాను మామయ్యగారూ, వారానికొకటి. చదవలేకపోతే మీసం తీయించుకుంటాను" అనేశాడు.

మామగారు తన గుబురు మీసం దువ్వుకున్నారు. "చదివితే నేను తీయించుకుంటా. కాకపోతే ప్రతి పుస్తకానికీ పరీక్ష పెట్టేది నేను. నేను చదవని పుస్తకమంటూ లేదు."

మాటయితే అన్నాడు గానీ, ఇంట్లో చదువు సాగితేనా? ఒక పక్క టీవీ, ఒక పక్క పిల్లల కొట్లాట, గోడ అవతల పక్కింటివాళ్ల కుట్టుమిషను. చివరికి అతనికి ప్రశాంతత తన వృత్తిలోనే దొరికింది. రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులోకి ఎవరూ వచ్చి కూరగాయలు తెమ్మనరు. కింద "మరమ్మతు జరుగుతోంది" అని బోర్డు తగిలించి, లోపల నూనెడబ్బా మీద కూర్చుని చదువుకునేవాడు. మొదట పంతానికి చదివాడు, పదో పుస్తకం దాటాక ఇష్టంగా చదివాడు. పదిహేడో పుస్తకానికి లిఫ్టులో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడాది ఆ భవనంలో ఉద్యోగులంతా మెట్లెక్కీ దిగీ ఓ చుట్టు సన్నబడ్డారు.

ఇక ఆ రోజు, పదకొండున్నరకి కథ మంచి పట్టులో ఉండగా ఫోను మోగింది. మామగారికి పన్నెండు దాకా ఓపిక ఎక్కడిది?

"ఎంతదాకా వచ్చింది అల్లుడుగారూ? హత్య సంగతి తేలిందా?"

లిఫ్టులో సిగ్నల్ అంతంతమాత్రం. అందుకని అరిచి చెప్పాల్సి వచ్చింది.

"శవం దొరికింది మామయ్యగారూ! నూతిలో ఉంది! కత్తి వంటింట్లో దాచారు! పన్నెండులోపు పని ముగించేస్తాను!"

అంతటితో ఫోనులో చార్జింగు అయిపోయింది. మెకానిక్ మళ్లీ పుస్తకంలో పడ్డాడు.

నాలుగో అంతస్తులో లిఫ్టు పక్క గదే పళ్ల డాక్టరుది. పన్ను పీకించుకోవడానికి మత్తు సూది వేయించుకుని, డాక్టరు కోసం చూస్తూ కుర్చీలో పడుకున్న రోగి చెవిన ఈ మాటలన్నీ పడ్డాయి. అతను మెడలో గుడ్డతో సహా నాలుగంతస్తులూ దిగి, భవనం మేనేజరమ్మ ముందు నిలబడ్డాడు. నోరు మొద్దుబారిపోయి "ఊ, ఆ" తప్ప మరో మాట రాదు. పాపం, చేతులతో చెప్పాడు. లిఫ్టు చూపించాడు, మెడ మీద వేలు గీసుకున్నాడు, ఏదో లోతుగా ఉన్నచోట పడినట్టు అభినయించి కళ్లు మూశాడు.

"అయ్యో, మెకానిక్ లిఫ్టు గోతిలో పడిపోయాడు!" అని మేనేజరమ్మ లేచింది. వాచ్‌మన్ చేత కరెంటు మెయిన్ ఆపించింది. ఫైరింజనుకు ఫోను చేసింది. తర్వాత మెకానిక్ ఇంటికి చేసి, అతని భార్యతో "మీరేం కంగారు పడకండమ్మా" అంది. ఆ మాట విన్నాక కంగారు పడనివాళ్లు ఈ లోకంలో ఇంకా పుట్టలేదు.

లిఫ్టులో, "హంతకుడు కుర్చీలోంచి మెల్లగా లేచి" అన్న వాక్యం దగ్గర చీకటి కమ్మింది. ఇంకా పది పేజీలున్నాయి. కరెంటు పోతే వెలగాల్సిన చిన్న దీపం వెలగలేదు. దానికి కొత్త బ్యాటరీ మార్చిలోనే వేయాల్సింది. మార్చిలో అతను పదకొండో పుస్తకంలో ఉన్నాడు.

మూడో అంతస్తు తలుపు దగ్గర జనం పోగయ్యేసరికి భార్య, మామగారు రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు.

"ఏమండీ! వినపడుతోందా?"

"బతికే ఉన్నానే! కరెంటు ఎవరు తీశారు?"

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడి, ఏడుపూ నవ్వూ కలిపి కానిచ్చింది. మామగారు కళ్లు తుడుచుకున్నారు. కళ్లు తుడుచుకున్న చేత్తోనే వాచీ చూసుకుని, గొంతు సవరించుకున్నారు.

"పన్నెండైంది అల్లుడుగారూ. హంతకుడెవరు?"

మేనేజరమ్మ రెండు మెట్లు వెనక్కి దిగింది. రోగి "ఊ! ఊ!" అంటూ లిఫ్టు వైపు వేలు చూపించాడు, నేను చెప్పలేదా అన్నట్టు.

లోపల మెకానిక్ పుస్తకాన్ని కళ్లకు ఆనించి చూశాడు, ఒక్క అక్షరమూ కనపడలేదు. యాభై ఒక్క పుస్తకాలు అక్షరం వదలకుండా చదివి, పది పేజీల దగ్గర మీసం పోగొట్టుకోవడమా? కత్తి దొరికింది వంటింట్లో కదా అని, తెగించి చీకట్లో రాయి విసిరాడు.

"వంటవాడు మామయ్యగారూ!"

"శభాష్! శవం నూతిలో, కత్తి వంటింట్లో, చంపింది వంటవాడు. సరైన జవాబు!"

"వంటవాడేంటండీ?" అంది మేనేజరమ్మ. "నూతిలో శవం, వంటింట్లో కత్తి... ఆ నవలేగా? నేను రెండుసార్లు చదివాను. చంపింది ఆ ఇంటి డాక్టరు. చివరి పేజీలో ఒప్పుకుంటాడు కూడా."

మెట్ల మీద అందరూ మామగారి వైపు తిరిగారు.

"నాన్నా, నువ్వు చదివానన్నావుగా?" అంది కూతురు.

మామగారు కళ్లజోడు తీసి అద్దాలు తుడవడం మొదలుపెట్టారు. ఎంత తుడిచినా అవి శుభ్రపడలేదు. "అట్ట వెనక రాసింది చదివానమ్మా. ముప్ఫై ఐదేళ్లు పరీక్షలు పెట్టినవాణ్ణి. గొంతులో తడబాటు లేకపోతే జవాబు సరైనదే అని వేసుకుంటాను."

ఫైరింజనువాళ్లు వచ్చి, పైన శవం లేదనీ నిప్పు లేదనీ తేల్చుకుని, మెయిన్ వేయించి లిఫ్టు దించారు. మెకానిక్ పుస్తకంలో వేలు పెట్టుకుని బయటికొచ్చి, జరిగిందంతా ఒప్పేసుకున్నాడు.

"అంటే ఏడాదిగా నా చేత రోజూ తనిఖీకి ఐదంతస్తులు ఎక్కించింది చదువుకోడానికా?" అంది మేనేజరమ్మ. ఉద్యోగం ఊడినట్టే అనుకుని అతను తల దించుకున్నాడు. ఆవిడ అతని వేలున్న పేజీ చూసింది. "రేపట్నుంచి కింద నీళ్ల మోటారు గదిలో చదువుకో, లిఫ్టు ఆపితే ఊరుకోను. ఏడాది ఇంకా అయిపోలేదుగా, ఆ పది పేజీలూ ఇక్కడే, మా అందరికీ వినపడేలా చదువు."

మెట్ల మీద కూర్చుని చదివాడు. ఫైరింజనువాళ్లు కూడా టోపీలు తీసి కూర్చున్నారు. అందరికంటే ముందు మెట్టు మీద మామగారు, చేతులు కట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా విన్నారు. డాక్టరు నేరం ఒప్పుకునే చోట ఆయన నోరు తెరుచుకునే ఉండిపోయింది. పుస్తకం మూశాక మెకానిక్‌కు మామగారి మీద కోపం ఎంత వెతికినా దొరకలేదు.

"మీసం ఉంచుకోండి మామయ్యగారూ. నేనూ చీకట్లో రాయి వేసినవాణ్ణేగా."

"నువ్వు ఒక్కసారి వేశావు నాయనా," అన్నారాయన, పదేళ్లలో మొదటిసారి వెటకారం లేకుండా. "నేను యాభై రెండుసార్లు వేశాను."

జనవరి రెండున మామగారు నున్నటి పైపెదవితో గ్రంథాలయానికి వెళ్లి సభ్యత్వం ఫారం అడిగారు, అందులో "ఇంతకుముందు సభ్యులేనా?" అన్నచోట చాలాసేపు ఆలోచించి, "కాదు" అని రాశారు.