మౌనస్వామి రాసిన ఉత్తరం

ఆ శుక్రవారం అక్కయ్య ఆఫీసుకు అరగంట ముందే వచ్చింది. మేనేజరు గారు తప్ప ఆఫీసంతా ఆమెను అక్కయ్య అనే పిలుస్తారు. పళ్ళ డాక్టర్ల క్లినిక్కులకు అపాయింట్‌మెంట్లు చూసిపెట్టే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ ఏమేం మారాయో చెబుతూ క్లినిక్కులకు ఉత్తరం రాయడం పదకొండేళ్ళుగా ఆమె పని. రాసి రాసి విసుగెత్తి, రెండు నెలలు కూర్చుని, ఆ ఉత్తరాన్ని తనంతట తానే తయారు చేసే ప్రోగ్రాము రాసింది. ఇవాళ దానికి మొదటి రోజు.

ప్రోగ్రామర్లు ఏ మార్పు చేసినా, ఏం చేశారో పక్కన ఒక ముక్క రాసిపెడతారు. వెర్షన్ విడుదల కాగానే ఆ ముక్కలన్నీ ఏరి క్లినిక్కులకు మెయిల్ చేయడమే ఆ ప్రోగ్రాము పని. తను రాసిన ముక్కలతో అక్కయ్య నాలుగుసార్లు పరీక్షించింది. అన్నీ మర్యాదగా వచ్చాయి. పక్క కుర్చీలో, అందరూ మౌనస్వామి అని పిలిచే ప్రోగ్రామరు ఉన్నాడన్న సంగతి ఆమెకు తట్టలేదు. అతను ఎవరితోనూ మాట్లాడడు. మనసులో మాటంతా ఆ ముక్కల్లోనే కక్కేస్తాడు.

పది గంటలకు ఉత్తరం రెండు వందల నలభై క్లినిక్కులకు చేరింది. అక్కయ్య గర్వంగా కాఫీ తెచ్చుకుంది. కప్పు సగం కాకముందే ఫోన్లు మొదలయ్యాయి.

ఉత్తరంలో మొదటి వాక్యం, "డాక్టరమ్మ ఇద్దరుగా కనిపిస్తోంది, ఒకరిని లేపేశాను." రెండోది, "పాత రోగులందరినీ పైకి పంపించేశాను." మౌనస్వామి డాక్టర్ల జాబితాలో రెండుసార్లు పడ్డ పేరు ఒకటి తీసేశాడు, రోగుల జాబితా అడుగున ఉన్న పేర్లను పైభాగానికి జరిపాడు. జరిగింది అంతే. కానీ ఒక క్లినిక్కు గుమాస్తా హడలిపోయి డాక్టరమ్మ ఇంటికి ఫోన్ చేశాడు. ఆవిడ భర్త చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ లోపలి గదిలో నింపాదిగా ఎవరిదో దవడపన్ను పీకుతోంది.

మేనేజరు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. ఇరవై క్లినిక్కులున్న పెద్ద డాక్టరు గారు ఈ కంపెనీతో కొనసాగాలా వద్దా అని ఆ వారమే తేల్చబోతున్నారు.

"ఎవరికీ తెలియకుండా దీన్ని ఆపేయమ్మా" అన్నారు గొంతు తగ్గించి.

ఆపాలంటే ప్రోగ్రాములో ఒక మార్పు చేసి కొత్త వెర్షన్ విడుదల చేయాలి. అక్కయ్య మార్పు చేసి, పదకొండేళ్ళ అలవాటు కొద్దీ పక్కన కారణం కూడా రాసి, విడుదల నొక్కింది. ఆగిపోయేముందు ప్రోగ్రాము చివరి ఉత్తరం పంపింది: "మేనేజరు గారు ఎవరికీ తెలియకుండా దీన్ని ఆపేయమన్నారు."

మేనేజరు గారు కుర్చీ వెతుక్కుని కూలబడ్డారు. అప్పుడే పెద్ద డాక్టరు గారి ఫోన్ వచ్చింది. అక్కయ్య తప్పంతా తనదేనని చెప్పబోయింది. ఆయన మాట్లాడనివ్వలేదు.

"ఇన్నేళ్ళూ మీరు 'కొన్ని లోపాలు సవరించబడినవి' అని పంపేవారు. ఒక్కటీ చదవలేదమ్మా. ఇవాళ చివరిదాకా చదివాను. మధ్యాహ్నం పన్నెండు అపాయింట్‌మెంటు అర్ధరాత్రికి మారిపోతోందని తొమ్మిదో వాక్యంలో ఉంది. మూడు నెలలుగా దానికి మా రిసెప్షన్ అమ్మాయిని తిడుతున్నాను. ఇప్పుడే క్షమించమని అడిగొచ్చాను. అది రాసినవారికి ఫోన్ ఇవ్వండి."

అక్కయ్య ఫోన్ మౌనస్వామికి అందించింది. అతను నిలబడి విన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ తప్పు పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది సార్" అన్నాడు.

ఆఫీసులో అందరూ తలలు తిప్పారు. అతని గొంతు ఎలా ఉంటుందో చాలామందికి అప్పుడే తెలిసింది. పెద్ద డాక్టరు గారు కొనసాగుతామని చెప్పి, ఒక్క షరతు పెట్టారు. ఉత్తరాలు ఇలాగే రావాలి. అక్కయ్య తన ప్రోగ్రామును మళ్ళీ నడిపించింది. పదకొండేళ్ళలో రాసిన ఏ ఉత్తరానికీ కలగని గర్వం, తను ఒక్క అక్షరం రాయని ఆ ఉత్తరానికి కలిగింది.

ఈసారి ఏదైనా ఆపాల్సి వస్తే ఎవరికీ చెప్పకుండా తానే ఆపుకోవచ్చని, మేనేజరు గారు ఈమధ్య ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నారు.