మంత్రిగారి ఫోను, కొండమ్మ పండుగప్ప

సోమవారం ఉదయం పదకొండు గంటలకల్లా అడవులదీవి ప్రజలు డిజిటల్ చెల్లింపులను నమ్మి తీరాలని మంత్రి పూర్ణచంద్రరావుగారు ఆదేశించారు. ఇంత తక్కువ వ్యవధిలో నమ్మకం కలిగించగల నాయకులు అరుదు. రేపల్లె విలేకరిగా ఆ ఘట్టాన్ని కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

"నా జేబులో నోటు చూసి మూడేళ్లయింది!" అంటూ మంత్రిగారు లాల్చీ జేబులు రెండూ బయటికి లాగి చూపించారు. చప్పట్లు మోగాయి. తర్వాత చేపలమ్మే కొండమ్మ దగ్గరికి నడిచి, కెమెరాల ముందు ఆరు కిలోల పండుగప్పను ఎంచుకున్నారు. రెండువేల నాలుగొందలు. బుట్టకు కట్టిన క్యూఆర్ అట్టకు ఫోను చూపించి స్వయంగా ఆయనే నొక్కారు. ఫోన్లో చక్రం తిరగడం మొదలుపెట్టింది. పావుగంటైనా అది అలసిపోలేదు.

"సిగ్నల్ ప్రాబ్లమమ్మా. డబ్బు దార్లో ఉంది, చేప ఇచ్చెయ్," అన్నారు పి.ఎ. విష్ణువర్ధన్.

"పోయిన నెల ఒకాయన ఇట్టాగే దార్లో ఉందని నా పీతలు పట్టుకుపోయాడండి. ఇది పడవోళ్ల దగ్గర అరువుకి తెచ్చిన చేప. సాయంత్రానికి కట్టకపోతే రేపట్నించి నాకు సరుకియ్యరు."

"సాక్షాత్తూ మంత్రిగారమ్మా! నమ్మకం ఉండాలి."

కొండమ్మ చేపను సంచిలో వేసి మంత్రిగారి చేతికిచ్చింది. ఆయన రెండో చేతిలోని ఫోను అందుకుని బుట్టలో పెట్టి, పైన తడిగోనె కప్పింది.

"నమ్మానండి. డబ్బులు పడగానే ఎవరినైనా పంపండి, ఫోనిచ్చేస్తాను. అందాకా ఇది తాకట్టు."

ఆమెకేం మూడుతుందోనని నాకు భయమేసింది. మంత్రిగారి ముఖం పాలిపోయింది. ఓట్లు లెక్కపెట్టిన రోజున కూడా ఆయన్ని అంత కంగారుగా చూడలేదు. "ఫోను... ఫోను..." అంటుండగానే డ్రైవరు కారు డిక్కీ తెరిచాడు. బ్యాంకు చీటీ కూడా ఊడని ఐదొందల కట్ట క్షణంలో వచ్చింది. నగదు రహిత పాలనలో ఇంతటి వేగం నేనెరగను.

కొండమ్మ ఐదు నోట్లు తీసుకుని, మిగతా కట్టనూ, కొంగుతో తుడిచిన ఫోనునూ తిరిగిచ్చింది.

"ఇంకా వంద ఇవ్వాలండి. చిల్లర లేదు. ఫోనుకి కొట్టేస్తాను, మీ నంబరు చెప్పండి."

మంత్రిగారు ఫోనును లాల్చీ లోపలి జేబులోకి తోసేశారు.

"నంబరెందుకమ్మా, ఉంచుకో," అన్నారు కారెక్కుతూ. "రోజులు బాగాలేవు."